బెన్నిగానహళ్లి దగ్గర రెండు కిలోమీటర్లు

2023 మార్చి 25న ప్రధాని మోదీ బెంగళూరు వచ్చి వైట్‌ఫీల్డ్ మెట్రోను ప్రారంభించి వెళ్లారు. వైట్‌ఫీల్డ్ కాడుగోడి నుంచి కృష్ణరాజపురం దాకా 13.71 కిలోమీటర్లు. పేరుకు ఇదీ పర్పుల్ లైనే. కానీ ఎప్పటినుంచో నడుస్తున్న పాత పర్పుల్ లైను బైయప్పనహళ్లిలో ఆగిపోయింది, కొత్తది కె.ఆర్.పురంలో ఆగిపోయింది. మధ్యలో బెన్నిగానహళ్లి దగ్గర రైల్వే పట్టాల మీదుగా వేయాల్సిన ఉక్కు గర్డరు పని తెమలక, సుమారు రెండు కిలోమీటర్ల ముక్క మిగిలిపోయింది. ఐటీపీఎల్ టెక్ పార్కులో పని ముగించుకుని ఊరి నడుమ ఉన్న మెజెస్టిక్ వెళ్లాల్సిన మనిషి కె.ఆర్.పురంలో రైలు దిగాలి, మెట్లు దిగాలి, వేలాడే వంతెన పక్కన ఫీడర్ బస్సు కోసం నిలబడాలి, టిన్ ఫ్యాక్టరీ కూడలి ట్రాఫిక్‌ని ఈదుకుంటూ బైయప్పనహళ్లి చేరాలి, మళ్లీ మెట్లెక్కి, మళ్లీ బ్యాగు స్కానింగ్ చేయించుకుని ఇంకో రైలు పట్టుకోవాలి. ఆరు నెలల పైచిలుకు ఇదే తంతు. చాలామంది రెండు రోజులు చూసి మళ్లీ బండి తాళం తీశారు.

అక్టోబరు 9న ఆ రెండు కిలోమీటర్లూ తెరిచారు. దానికోసం ఎవరూ ఊరేగింపు తీయలేదు, ఛార్జీలు తగ్గించలేదు, కార్లు మానండని హోర్డింగులూ పెట్టలేదు. కొద్ది వారాల్లోనే మెట్రో ఎక్కేవాళ్లు రోజుకు ఏడు లక్షల దరిదాపుల్లోకి వచ్చారు.

బెంగళూరు వాళ్లు సొంత బండి వదలరు, వాళ్ల అలవాటే అంత అని పాతికేళ్లుగా వింటున్న మాట. ఆ మాటలో నిజం తక్కువ. ఈ ఊరు ప్రజారవాణా చరిత్రను వెనక్కి తిరిగి చూస్తే కనిపించేది జనం మొండితనం కాదు. ప్రతి పథకంలోనూ ఎక్కడో ఒకచోట మిగిలిపోయిన ముక్క. ఒకప్పుడు అది రెండు కిలోమీటర్లు, ఒకప్పుడు ఇరవై అయిదు నిమిషాల నిరీక్షణ, ఒకప్పుడు ముప్ఫై ఏళ్లు.

అసలు బెంగళూరుకు రైలు కొత్తేమీ కాదు. దండు (కంటోన్మెంట్) ప్రాంతం నుంచి జోలార్‌పేటకు 1864లోనే రైలు మార్గం పడింది. 1905లో శివనసముద్రం కరెంటుతో ఈ ఊరి వీధి దీపాలు వెలిగాయి. కరెంటు ఉంది, పట్టాలు వేయడం తెలుసు, అయినా మద్రాసులో 1895 నుంచి 1953 దాకా తిరిగినట్టు ట్రాము ఇక్కడ తిరగలేదు. పేట అనే పాత ఊరు వేరు, దండు వేరు. పేటలో చిక్‌పేట, బళేపేట, అక్కడ తరతరాలుగా స్థిరపడ్డ మన తెలుగు వ్యాపారులు. దండులో దొరల బంగళాలు, పరేడ్ మైదానం. రెండు ఊళ్ల మధ్య కబ్బన్ పార్కు. రెండింటినీ ఒక తీగతో కుట్టాలన్న తొందర ఎవరికీ లేకపోయింది. 1940లో బెంగళూరు ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ బస్సులు వచ్చాయి. 1956లో ప్రభుత్వం దాన్ని తీసుకుని బీటీఎస్ అని పేరు పెట్టింది. ఇవాళ్టి బీఎంటీసీ 1997లో రాష్ట్ర ఆర్టీసీ నుంచి వేరు పడింది.

ఇక్కడ ఒక విషయం దగ్గర కాస్త ఆగాలి, మెట్రో గురించి రాసేవాళ్లు దీన్ని పెద్దగా పట్టించుకోరు. 1940లో హెచ్ఏఎల్, 1948లో ఐటీఐ, 1953లో హెచ్ఎంటీ, 1954లో బీఈఎల్, 1964లో బీఈఎంఎల్. ఈ ప్రభుత్వ రంగ కంపెనీలే ఊరిని ఊరి పొలిమేర దాటించి పెంచాయి. వాటి కార్మికులు సిటీ బస్సు కోసం నిలబడలేదు. కంపెనీ బస్సు వీధి మొగదలకు వచ్చేది, షిఫ్టు దిగాక అక్కడే దించేది. మంచి ఏర్పాటే. కానీ దాని ఫలితం ఏమిటంటే ఉద్యోగి రాకపోకలు ఊరి బాధ్యత కాదు, యజమాని బాధ్యత అన్న పద్ధతి స్థిరపడింది. నలభై ఏళ్ల తర్వాత ఐటీ కంపెనీలు వచ్చినప్పుడు అదే పద్ధతి క్యాబు రూపంలో తిరిగొచ్చింది. 1978లో రాష్ట్ర ప్రభుత్వ సంస్థ కియోనిక్స్ కోనప్పన అగ్రహారం దగ్గర 332 ఎకరాల్లో ఎలక్ట్రానిక్స్ సిటీ మొదలుపెట్టినప్పుడు గానీ, 1990ల్లో సింగపూర్ భాగస్వామ్యంతో వైట్‌ఫీల్డ్‌లో ఐటీపీఎల్ లేచినప్పుడు గానీ, వేలమంది రోజూ ఎలా వచ్చిపోతారు అన్న ప్రశ్నకు జవాబు ఒక్కటే: కంపెనీ చూసుకుంటుంది. కంపెనీ చూసుకోనివాళ్లు స్కూటరు కొన్నారు. ఇవాళ బెంగళూరులో రిజిస్టరైన వాహనాలు కోటి దాటాయి, వాటిలో మూడింట రెండు వంతుల దాకా ద్విచక్ర వాహనాలే. కాబట్టి కార్ల నగరం అన్నది సగం మాటే. రోడ్డును ఆక్రమించేది కారు, ఊరిని మోసేది బండి.

రైలు ఆలోచన మాత్రం ముందే పుట్టింది. 1971 జనాభా లెక్కల్లో 16 లక్షలు దాటిన ఊరు 1981 నాటికి 29 లక్షలైంది. ఆ పెరుగుదల నడిమధ్యన, 1977లో, రాష్ట్ర ప్రభుత్వం దక్షిణ రైల్వే అధికారులతో ఒక అధ్యయనం చేయించింది. 1980ల మొదట్లో వాళ్లు ఇచ్చిన ప్రణాళికలో రెండు మెట్రో మార్గాలున్నాయి. ఒకటి రాజాజీనగర్ నుంచి జయనగర్‌కు, ఇంకొకటి హడ్సన్ సర్కిల్ నుంచి కృష్ణరాజపురానికి. వీటికి తోడు ఉన్న రైల్వే పట్టాల మీదే సబర్బన్ రైళ్లు, ఊరి చుట్టూ ఒక వలయ రైలు. ఇవాళ పటం తీసి చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. ఇప్పటి గ్రీన్ లైను, పర్పుల్ లైను తూర్పు భాగం దాదాపు అదే దారి. వలయం కూడా ఇప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు మీద లేస్తున్న బ్లూ లైనుకు అన్నలాంటిది. అప్పుడు మొత్తం ఖర్చు వందల కోట్లలో ఉంది. ఎవరూ కాదనలేదు, ఎవరూ కట్టనూ లేదు. దేశంలో మెట్రో అంటే అప్పటికి కలకత్తా ఒక్కటే, అది కూడా ఇంకా తవ్వకాల్లోనే ఉంది. 1984లో గానీ అక్కడ రైలు నడవలేదు. ఆ తవ్వకాలు చూసి ఢిల్లీ బెదిరిపోయింది, బెంగళూరు ఫైలు అటకెక్కింది.

1994లో ఊరి పేరుతో ఒక మాస్ ర్యాపిడ్ ట్రాన్సిట్ కంపెనీ పుట్టింది. ఈసారి భారీ మెట్రో కాదు, స్తంభాల మీద నడిచే లైట్ రైలు. ఆరు మార్గాలు, తొంభై కిలోమీటర్ల పైమాట. డబ్బు ప్రైవేటు రంగం తెస్తుంది, ప్రభుత్వం పన్నుల మీద సెస్సు వేసి తన వాటా పోగేస్తుంది. యూబీ గ్రూపు నాయకత్వంలోని కన్సార్షియంకు పని అప్పగించాలనుకున్నారు. సెస్సు వసూలైంది. చర్చలు ఏళ్లతరబడి నడిచాయి. ఒక్క స్తంభం కూడా లేవలేదు. బెంగళూరువాళ్లు రాని రైలుకు పన్ను కట్టిన కాలం అది.

మనవైపు వాళ్లు దీన్ని చూసి నవ్వుకోనక్కర్లేదు. హైదరాబాద్ కూడా ప్రైవేటు బాటనే పట్టింది. సత్యం సోదర సంస్థ మేటాస్‌కు మెట్రో పని అప్పగించడం, 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడటం, అది రద్దు కావడం, 2010లో ఎల్ అండ్ టీ రావడం అందరికీ గుర్తే. 2017 నవంబరులో మియాపూర్ నుంచి మొదటి రైలు కదిలింది. 2020 ఫిబ్రవరి నాటికి మూడు కారిడార్లు, 69 కిలోమీటర్లు పూర్తయ్యాయి. వేగంలో హైదరాబాదే ముందు. కానీ స్టేషన్ల పక్కన మాల్స్ కట్టి అద్దెలతో గట్టెక్కుతామన్న లెక్క కుదరక, చివరికి 2025 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వమే దాన్ని తీసుకోవడానికి ఒప్పుకుంది. పట్టణ రైలు ప్రపంచంలో ఎక్కడా టికెట్ల మీద మాత్రమే బతికి బట్టకట్టడం అరుదు. బెంగళూరు ఈ పాఠం కాగితం మీదే నేర్చుకుంది, ఆ నేర్చుకోవడానికి పదేళ్లు పట్టింది. హైదరాబాద్ కట్టాక నేర్చుకుంది. ఏది చవక అంటే చెప్పడం కష్టం.

2002 చివర్లో ఢిల్లీ మెట్రో పరుగెత్తాక దేశమంతా లెక్క మారిపోయింది. ఎస్.ఎం.కృష్ణ ముఖ్యమంత్రిగా ఉండగా 2003లో ఢిల్లీ మెట్రో వాళ్లే బెంగళూరుకు 33 కిలోమీటర్ల ప్రణాళిక గీసి ఇచ్చారు. తర్వాత ప్రభుత్వం మారింది, మెట్రోనా మోనోరైలా అని కొంతకాలం వాదన నడిచింది. 2006 ఏప్రిల్‌లో కేంద్రం ఆమోదించింది, జూన్ 24న మన్మోహన్ సింగ్ శంకుస్థాపన చేశారు. మొదటి అంచనా 6,395 కోట్లు. పని ముగిసేసరికి మార్గం 42.3 కిలోమీటర్లకు పెరిగింది, ఖర్చు రెట్టింపు దాటింది.

కట్టిన కాలంలో బెంగళూరు చాలా పోగొట్టుకుంది. ఎం.జి.రోడ్డు పరేడ్ మైదానం వైపున చెట్ల నీడలో ఒక నడకదారి ఉండేది. సాయంత్రం పూట ఊరంతా అక్కడికి షికారుకు వచ్చేది. దాని మీదే వంతెన లేచింది. లాల్‌బాగ్ అంచున, జయనగర్ నంద రోడ్డులో చెట్లు కొట్టొద్దని జనం రోడ్డెక్కారు. భూగర్భంలో కథ వేరు. సొరంగాలు తవ్వే యంత్రాల్లో కొన్నింటికి నదుల పేర్లు పెట్టారు: కావేరి, కృష్ణ, గోదావరి. మెజెస్టిక్ పరిసరాల కఠిన శిలలో గోదావరి ముందుకు కదలనని మొరాయించి నెలల తరబడి అక్కడే చిక్కుకుపోయింది.

2011 అక్టోబరు 20న బైయప్పనహళ్లి నుంచి ఎం.జి.రోడ్డు దాకా 6.7 కిలోమీటర్లు నడిచాయి. దక్షిణ భారతంలో మొదటి మెట్రో అని గొప్పగా చెప్పుకున్నారు. పెట్టెలు తయారు చేసింది బీఈఎంఎల్. ఒకప్పుడు సొంత బస్సుల్లో కార్మికులను మోసిన ఊరి కంపెనీయే ఊరికి రైలు ఇచ్చింది. కానీ ఆ రైలు ఎక్కి ఎక్కడికి వెళ్లాలి? ఆదివారాలు పిల్లలను ఎక్కించుకుని ఎం.జి.రోడ్డుకు షికారు వెళ్లడానికి బాగుండేది. 2014లో ఉత్తరాన సంపిగె రోడ్డు నుంచి పీణ్య దాకా ఇంకో ముక్క తెరిచారు. రెండూ ఒకదానికొకటి తగలవు. ఆ అయిదేళ్లూ రైళ్లు తీరిగ్గా తిరిగాయి, విమర్శకులు తెల్ల ఏనుగు అన్నారు. 2016 ఏప్రిల్ చివర్లో కబ్బన్ పార్కు కింద సొరంగం తెరిచి తూర్పు పడమరలు కలిపారు. 2017 జూన్‌లో ఉత్తర దక్షిణాలు కలిశాయి. మెజెస్టిక్‌లో రెండు లైన్లూ ఒకదాని మీద ఒకటి దాటాయి. ఆ వారం నుంచి తెల్ల ఏనుగు అన్న మాట వినపడలేదు. వినపడిందల్లా ఇరుకు. మూడే పెట్టెల రైలు, ఉదయం తొమ్మిదింటికి మెజెస్టిక్‌లో తలుపు ముందు నాలుగు వరసలు. ఆరు పెట్టెల ప్లాట్‌ఫారాలు మొదటినుంచే కట్టి ఉంచినా, ఆరు పెట్టెల మొదటి రైలు రావడానికి 2018 జూన్ దాకా ఆగాలి. జనం రారేమోనన్న భయంతో కట్టినవాళ్లు, జనం వచ్చాక పెట్టెలు చాలక తడబడ్డారు.

ఈలోపు రోడ్డు రాజకీయం ఇంకో మలుపు తిరిగింది. 2016 అక్టోబరులో బసవేశ్వర సర్కిల్ నుంచి హెబ్బాళ దాకా ఉక్కు ఫ్లైఓవర్ వద్దంటూ వేలమంది చేయీ చేయీ కలిపి రోడ్డు పక్కన నిలబడ్డారు. 2017 మార్చిలో ప్రభుత్వం దాన్ని వదులుకుంది. ఆ కార్యకర్తలే ఆ రోజుల్లోనే చుకుబుకు బేకు (చుకుబుకు కావాలి) అంటూ సబర్బన్ రైలు అడిగారు. ఇది నాకు చాలా పెద్ద సంగతిగా తోస్తుంది. ఫ్లైఓవర్ వద్దని ఊరంతా నినదించడం, రైలు కావాలని అడగడం ఈ దేశంలో ఎన్ని నగరాల్లో జరిగింది? సబర్బన్ రైలుకు 2020లో కేంద్ర ఆమోదం వచ్చింది, 148 కిలోమీటర్లు, నాలుగు మార్గాలు. 2022 జూన్‌లో శంకుస్థాపన చేస్తూ నలభై నెలల్లో పూర్తి చేస్తామన్నారు. నలభై నెలలు దాటాయి, ఒక్క మార్గంలోనూ రైలు నడవలేదు. 1980ల మొదట్లో దక్షిణ రైల్వే ప్రణాళిక అడిగింది ఇదే.

బస్సు సంగతి రైలు కథలో ఎప్పుడూ పక్కకు పోతుంది, కానీ జనాన్ని రైలెక్కించేది బస్సే. 2019 చివర్లో ఔటర్ రింగ్ రోడ్డు మీద కె.ఆర్.పురం నుంచి సిల్క్ బోర్డు దాకా బస్సులకు ఎడమవైపు వరస ప్రత్యేకించారు. నేల మీద గుంజలు పాతారు. ఎన్నాళ్ల తర్వాతో ఈ ఊళ్లో కారుకంటే బస్సు ముందు వెళ్లింది. కొన్ని నెలలకే కరోనా వచ్చింది, ఆ తర్వాత మెట్రో స్తంభాల పని మొదలైంది, గుంజలు పోయాయి. రైలు కోసం బస్సు దారిని బలిపెట్టడం కన్నా విచిత్రం లేదు. మెట్రో స్టేషన్ దగ్గర దిగి చూడండి. నల్లూరహళ్లిలోనో హూడిలోనో గేటు బయట ఫుట్‌పాత్ పది అడుగులు నడిచి అంతరించిపోతుంది. అక్కడ నలుగురైదుగురు ఆటోవాళ్లు మీటరు ఊసెత్తకుండా వంద అడుగుతుంటారు. యులు అద్దె సైకిళ్లు రెండు మూలన పడి ఉంటాయి. ఫీడర్ బస్సు వెళ్లిపోయిందో రాబోతోందో చెప్పే బోర్డు ఉండదు. అర కిలోమీటరు దూరంలో ఉన్న ఆఫీసుకు వంద రూపాయలు పెట్టాల్సి వస్తే మెట్రోలో మిగిలిందంతా అక్కడే ఖర్చు. బెంగళూరులో మెట్రో వదిలి బండి ఎక్కినవాణ్ణి అడిగితే చెప్పే కారణం ఎక్కువగా ఈ అర కిలోమీటరే.

2025 ఫిబ్రవరిలో ఇంకో దెబ్బ. 2017 తర్వాత మొదటిసారి ఛార్జీలు పెరిగాయి. గరిష్ఠ ఛార్జీ 60 నుంచి 90 రూపాయలైంది. కొన్ని దూరాలకు పెంపు మరీ ఎక్కువగా ఉండటంతో గగ్గోలు పుట్టింది. అయిదారు రోజుల్లో 71 శాతానికి మించకుండా సవరించారు. అప్పటికి తొమ్మిది లక్షలకు చేరువవుతున్న రోజువారీ ప్రయాణికుల సంఖ్య పదుల వేలమేర పడిపోయింది. వైట్‌ఫీల్డ్ నుంచి జయనగర్‌కు రానూపోనూ లెక్క కట్టుకుని, పెట్రోలుతో పోల్చి చూసుకుని మెట్రో మానినవాళ్లు వీళ్లు. వాళ్లను అలవాటు మార్చుకోని మొండివాళ్లు అనడం అన్యాయం. లెక్క తెలిసినవాళ్లు. నిర్వహణ ఖర్చులకు టికెట్ డబ్బు కావాలన్న మెట్రో వాదన తప్పు కాదు. కానీ అదే ఏడాది ఊరు కార్ల కోసం ఒక సొరంగ రోడ్డుకు వేల కోట్లు వెతుకుతుంటే ఆ వాదన ఎవరి చెవికెక్కుతుంది?

ఆ ఏడాది ఆగస్టు 10న యెల్లో లైను వచ్చింది. ఆర్.వి.రోడ్డు నుంచి బొమ్మసంద్ర, 19.15 కిలోమీటర్లు, 16 స్టేషన్లు. స్తంభాలు ఎప్పుడో సిద్ధం. 2019లో చైనా కంపెనీ సీఆర్ఆర్‌సీకి ఇచ్చిన రైళ్ల కాంట్రాక్టు ఏళ్లతరబడి సాగి, చివరికి చైనా నుంచి వచ్చిన ఒక రైలుతో, దాని భారతీయ భాగస్వామి టీటాగఢ్ కోల్‌కతా దగ్గర తయారుచేసి పంపిన రైళ్లతో లైను తెరుచుకుంది. మొదటి రోజుకు రైళ్లు మూడే. రైలుకూ రైలుకూ మధ్య 25 నిమిషాలు. ఉదయం ఆర్.వి.రోడ్డులో గ్రీన్ లైను దిగిన జనం మెట్ల మీదే నిలిచిపోయేవారు. ఒక రైలు తప్పితే ఆఫీసు తప్పినట్టే. అయినా తెరిచిన మర్నాడే మెట్రో మొత్తం మీద పది లక్షలకు పైగా ప్రయాణించారు. రైళ్లు ఒక్కొక్కటే చేరినకొద్దీ ఆ ఎడం తగ్గుతూ వచ్చింది, జనం పెరుగుతూ వచ్చారు. సిల్క్ బోర్డు కూడలిని దాటడానికి హోసూరు, ధర్మపురి వైపునుంచి వచ్చేవాళ్లు పడ్డ పాట్లు తెలిసినవాళ్లకు ఆ లైను విలువ వేరే చెప్పక్కర్లేదు. కోనప్పన అగ్రహారం స్టేషన్‌కు ఇన్ఫోసిస్ ఫౌండేషన్ 200 కోట్లు ఇచ్చింది. బయోకాన్ ఫౌండేషన్ హెబ్బగోడి స్టేషన్‌కు సాయపడింది. ఒకప్పుడు ఉద్యోగిని ఇంటినుంచి తెచ్చుకోవడం కంపెనీ పని, ఇప్పుడు స్టేషన్ కట్టించడం కంపెనీ పని. పద్ధతి పాతదే, కానీ ఈసారి ఆ డబ్బు కట్టిన మెట్లు ఎవరైనా ఎక్కవచ్చు.

యెల్లో లైను తర్వాత వంతు రెండు లైన్లది. నాగవార నుంచి కాళేన అగ్రహారం దాకా పింక్ లైను, అందులో ఎక్కువ భాగం భూగర్భమే. 2023 జనవరిలో నాగవార దగ్గర స్తంభం ఇనుప చట్రం కూలి ఒక తల్లీ, పసివాడూ ప్రాణాలు పోగొట్టుకున్నది బ్లూ లైను పనిలో. ఆ రెండో లైను సిల్క్ బోర్డు నుంచి కె.ఆర్.పురం మీదుగా విమానాశ్రయం దాకా 58 కిలోమీటర్లు. 2008 మే నెలలో విమానాశ్రయం దేవనహళ్లికి వెళ్లిపోయినప్పటినుంచీ బెంగళూరువాడి టాక్సీ ఖర్చుకు అడ్డూ అదుపూ లేదు. ఆ లైను 2021లో గానీ ఆమోదం పొందలేదు. మెట్రో మూడో దశకు 2024 ఆగస్టులో ఆమోదం, 44.65 కిలోమీటర్లకు 15,611 కోట్లు.

ఇదే సమయంలో హెబ్బాళ నుంచి సిల్క్ బోర్డు దాకా 16.7 కిలోమీటర్ల సొరంగ రోడ్డుకు 2025లో టెండర్లు పిలిచారు. అంచనా 17 వేల కోట్ల పైచిలుకు, అంటే మూడో దశ మెట్రో మొత్తం కన్నా ఎక్కువ. భారతీయ విజ్ఞాన సంస్థ రవాణా నిపుణుడు ఆశిష్ వర్మ వంటివాళ్లు దీన్ని గట్టిగానే వ్యతిరేకిస్తున్నారు. సొరంగం ప్రధానంగా కార్లకు, అది కూడా టోలు కట్టగలిగిన కార్లకు. అటు ఔటర్ రింగ్ రోడ్డు మీద బ్లూ లైను స్టేషన్లు రూపు దిద్దుకుంటున్నాయి. వాటి కింద బస్సులకు మళ్లీ వరస గీస్తారా, మారతహళ్లి, బెళ్లందూరు స్టేషన్ల నుంచి టెక్ పార్కుల గేట్ల దాకా ఫుట్‌పాత్ వేస్తారా, మొదటి రోజుకే తగినన్ని రైళ్లు తెస్తారా అన్నవి తేలాల్సి ఉంది. వీటిలో దేనికీ సొరంగమంత ఖర్చు కాదు.